కాళ్ళ గోదాములో వ్యాయామ రిజిస్టరు

ఉత్తర మండలం కాళ్ళ గోదాములో ఆరు వేల నాలుగు వందల జతల కాళ్ళు ఉండేవి, వాటిని చూసుకునే ఉద్యోగి పర్వతాలు కాళ్ళు మాత్రం అతని దగ్గరే ఉండేవి. ర్యాకుల మధ్య తిరగడానికి ఒక్క ఉద్యోగికైనా కాళ్ళుండాలని పదకొండో నిబంధన చెబుతుంది. ఆ లెక్కన మండలం మొత్తంలో నిలబడి పనిచేసే మనిషి అతనొక్కడే.

ఇందులో వింతేమీ లేదు. తొమ్మిదో లేను వేయడానికి నగరంలో ఫుట్‌పాత్‌లన్నీ తీసేశారు. ఫుట్‌పాత్ పోయాక కాళ్ళు పెట్టే చోటు లేకుండా పోయింది. కారులో ఉన్నంతసేపు వాటితో పని లేదు, కారు దిగితే ప్రమాదం. చోటూ లేక, పనీ లేక, పైగా ప్రమాదం కూడా తెచ్చే వస్తువును బుద్ధిమంతులెవరూ వెంటేసుకుని తిరగరు. అందుకని పన్నెండేళ్ళ కిందట, కారు పర్మిటు కావాల్సినవాళ్ళు కాళ్ళను గోదాములో జమ చేసి రసీదు తీసుకోవాలని నగర మండలి నియమం పెట్టింది. నొప్పి ఏమీ ఉండదు. మోకాలికి జానెడు పైన, బల్బు విప్పినట్టు విప్పుతారు. కారు సీటుకే చిన్న చక్రాలుంటాయి. ఇంటికి చేరాక ఆ సీటే జారుకుంటూ హాల్లోకి, వంటింట్లోకి, పడక దాకా వెళ్తుంది. కాళ్ళు పెట్టుకునే ఖాళీలో కంపెనీలు చిన్న ఫ్రిజ్ అమర్చి ఇచ్చాయి. దాంతో అంతకుముందు గొణిగినవాళ్ళు కూడా గొణగడం మానేశారు.

పర్వతాలు పని పొద్దున తొమ్మిదికి మొదలయ్యేది. నువ్వుల నూనె డబ్బా పట్టుకుని ర్యాకు ర్యాకుకీ తిరిగి కాళ్ళకు నూనె రాసేవాడు. పగిలిన మడమలకు వెన్న రాసేవాడు. గోళ్ళు తీసేవాడు, శుక్రవారం మాత్రం తీసేవాడు కాదు. యజమానులు ఎక్కడో కార్లలో ఉన్నా శుక్రవారం శుక్రవారమేనని అతని పట్టింపు. ప్రతి జతకూ చీలమండ దగ్గర రేకు బిళ్ళ ఉండేది. కొన్నాళ్ళకు బిళ్ళ చూడకుండానే ఏ కాళ్ళు ఎవరివో చెప్పగలిగేవాడు. వాచీలు బాగుచేసే పెద్దమనిషి కాళ్ళు ఎప్పుడూ ఎడమ పక్కకు ఒరిగేవి. ఒక బడి పంతులమ్మ కాళ్ళు ఎంత సర్దినా మళ్ళీ మడతపెట్టుకునేవి.

ర్యాకు 212, రెండో అరలో ఉన్న కాళ్ళు అండాలువి. అండాలు అతని భార్య.

అండాలు పనిచేసే ఫోన్ల ఆఫీసు వాళ్ళ ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉంది. కిటికీలోంచి చూస్తే ఆఫీసులో ఆమె కుర్చీ కనిపించేది. మధ్యలో పద్దెనిమిది లేన్ల రోడ్డు, అటు దాటే దారి ఎక్కడా లేదు. కారులో వెళ్తే ముందుకు ఐదున్నర కిలోమీటర్లు వెళ్ళి, యూటర్న్ తీసుకుని, మళ్ళీ ఐదున్నర వెనక్కి రావాలి. రెండు గంటలు పట్టేది. రెండు గంటలే కదా అనుకుని ఆమె కాళ్ళు జమ చేసి ఆఫీసు కారు తీసుకుంది. వాటిని లోపలికి తీసుకున్న ఉద్యోగి పర్వతాలే. నిబంధనల ప్రకారం ఆమె కాలి మెట్టెలు తీసి కవరులో పెట్టి ఇచ్చాడు. ఆ సాయంత్రమే కవరు మళ్ళీ తెచ్చి, ఎవరూ చూడకుండా మెట్టెలు తిరిగి తొడిగాడు. పన్నెండేళ్ళ సర్వీసులో అతను చేసిన నేరం అదొక్కటే.

కాళ్ళకు తగిలేది యజమానికి తెలుస్తూనే ఉంటుంది. ఇరవై ఆరో నిబంధన దీన్ని మిగులు స్పర్శ అంటుంది, దానికి నగరం బాధ్యత వహించదని కూడా అంటుంది. అందుకని మధ్యాహ్నం పూట ఒక్కోసారి గోదాము ఫోను మోగేది.

"కుడికాలు అరికాలు జిల పెడ్తుంది," అనేది అండాలు.

"ఆగు, వస్తున్న." పర్వతాలు ఫోను చెవి దగ్గర పట్టుకుని 212 దాకా వెళ్ళి గోకేవాడు. "ఈడనా?"

"కొంచెం కిందికి."

"ఈడ?"

"ఇంకొంచెం. ఆఁ, గాడనే." రోడ్డుకు అవతల, హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్న ఆమె కళ్ళు మూసుకునేది. ఆ మొగుడూ పెళ్ళాల మధ్య పగటిపూట జరిగే కాపురం అంతే.

ఏడేళ్ళలోగా వెనక్కి తీసుకోని కాళ్ళు నగరానికి చెందుతాయి. అండాలు గడువు జూలైలో రెండో శనివారంతో ముగుస్తుంది. వెనక్కి తీసుకోవడానికి షరతులు రెండే. మనిషి స్వయంగా కౌంటరుకు రావాలి. కారు లేకుండా రావాలి. కారు లేకుండా రావాలంటే కాళ్ళు కావాలి, కాళ్ళు కావాలంటే కారు లేకుండా రావాలి. పన్నెండేళ్ళలో ఒక్క మనిషి కూడా రాలేదు. గోదాము వార్షిక నివేదికలో దీన్ని ప్రజల సంతృప్తి అనే శీర్షిక కింద చూపించారు.

జూన్‌లో వానలు మొదలైన రోజు అండాలు కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు బయటికి చూసింది. "నాకు కాళ్ళు గావాలె," అంది.

"ఏమొచ్చింది ఇప్పుడు?"

"ఏం రాలే. వాననీళ్ళల్ల నిలవడాలె ఒక్కపారి. చీలమండల దాక. తర్వాత నువ్వు మళ్ల తీస్కపోయి ర్యాకుల పెట్టుకో, నేనేం అన."

పర్వతాలు ఆ రాత్రంతా నిబంధనల పుస్తకం చదివాడు. పొద్దున్నే ఆమె సీటు ముందు గొంతుక్కూర్చుని, "సైకిలు కారు గాదు గద," అన్నాడు. "గడువు శనివారం నిన్ను ఎనుక క్యారేజి మీద కూసోవెట్టుకొని తీస్కపోత."

నగరంలో సైకిలు తొక్కే మనిషి కూడా అతనొక్కడే. మురుగు కాలువ మూతల మీద, ఏ లేనుకూ చెందని ఆ జానాబెత్తెడు చోటులో, రోజూ పద్నాలుగు కిలోమీటర్లు వెళ్ళి వచ్చేవాడు. అండాలు నవ్వింది. "పడిపోనా?"

"నేను లేనా?" అన్నాడు.

ఇక్కడ వ్యాయామ రిజిస్టరు గురించి చెప్పాలి, ఎందుకంటే కొంప ముంచింది అదే. ఏ పనీ లేక ర్యాకులో పడి ఉన్న అండాలు పిక్కలు నాలుగేళ్ళ కిందటే చిక్కిపోసాగాయి. అది చూడలేక, పక్క గదిలో తుప్పు పడుతున్న పాత సైకిళ్ళలోంచి పర్వతాలు ఒకటి బయటికి తీశాడు. జనం దగ్గర ఒకప్పుడు స్వాధీనం చేసుకున్న సైకిళ్ళవి. స్టాండు వేసి, అండాలు కాళ్ళను సీటు మీద గుడ్డ పట్టీతో కట్టి, పెడళ్ళ మీద పాదాలు ఆనించి ఒక్కసారి తిప్పాడు. రెండోసారి వాటంతట అవే తిరిగాయి. పర్వతాలు నూనె డబ్బా పక్కన పెట్టి నేల మీద కూర్చుండిపోయాడు. ఎడమ మోకాలు లేస్తుంటే కుడి మోకాలు దిగుతోంది, కుడిది లేస్తుంటే ఎడమది దిగుతోంది, మెట్టెలు టిక్కు టిక్కుమంటున్నాయి. అప్పుడే ఫోను మోగింది.

"ఏం జేస్తున్నవయ్యా?" అంది అండాలు. "ఏం జేస్తున్నవో గని ఆపకు."

తన భార్యకొక్కదానికే చేస్తే పక్షపాతం అవుతుందని పర్వతాలుకు భయం. అందుకని అరవై సైకిళ్ళు బాగుచేసుకుని, జత జతకూ వారానికి పావుగంట చొప్పున అందరి కాళ్ళ చేతా తొక్కించాడు. నాలుగేళ్ళు అలా తొక్కించాడు. నిజాయితీపరుడు కాబట్టి ప్రతిదీ రిజిస్టరులో రాశాడు. తేదీ, ర్యాకు నంబరు, ఎంతసేపు, ఎలా తొక్కాయి. వాచీల పెద్దమనిషి కాళ్ళ ఎదురుగా "నిదానం, కానీ ఆపవు" అని ఉంటుంది. అండాలు కాళ్ళ ఎదురుగా ప్రతి వారం ఒకటే మాట, "చాలా బాగు."

ఆ జూన్‌లోనే నగరానికి పెద్ద చిక్కు వచ్చింది. ఊపిరాడే నగరాల జాబితా అని ఒకటి ఉంది. రోజూ కనీసం ఆరు వేల మంది సైకిలు తొక్కని ఊరిని అందులో నగరంగానే లెక్కించరు. లెక్కించే యంత్రాన్ని మోకాలి ఎత్తున బిగిస్తారు, అది ముందు నుంచి వెళ్ళే మోకాళ్ళను లెక్కపెడుతుంది. మన నగరంలో మూడు నెలలు బిగించి ఉంచితే రోజుకు నాలుగు మోకాళ్ళు తేలాయి. పర్వతాలు వెళ్ళేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు.

దాంతో నగరం సైకిలు గురించి వాదించడం మొదలుపెట్టింది. ట్రాఫిక్‌లో పక్కపక్కన ఆగిన కార్లలో అద్దాలు దించుకుని వాదించుకున్నారు. సైకిలు పేదవాడి హక్కు అన్నారు కొందరు. కాదు, అది ఉన్నవాళ్ళ సరదా అన్నారు ఇంకొందరు. సైకిలు వస్తే లేను పోతుందన్నారు, సైకిలు వస్తే లేను ఖాళీ అవుతుందన్నారు. ఒకే కారులో ముందు సీటు, వెనక సీటు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళు ఉన్నాయి. సైకిలును దగ్గర నుంచి చూసినవాళ్ళు లేరు కాబట్టి వాదనకు అడ్డు చెప్పేది కూడా ఏమీ లేకపోయింది.

నగర మండలిలో చర్చ పదకొండు రోజులు సాగింది. సభ్యులు సభా మందిరంలోకి కార్లతోనే వస్తారు. ఒక హారను కొడితే మాట్లాడుతున్నట్టు, రెండు కొడితే అభ్యంతరం, మూడు కొడితే వాకౌట్. వాకౌట్ చేసేవాళ్ళు రివర్సులో వెళ్ళాలి. ప్రతిపక్షం తరఫున సుభాషిణి అనే సభ్యురాలు తొమ్మిది గంటలు మాట్లాడింది. సైకిలు మీద ఆమె మూడు నివేదికలు రాసింది, అయినా ఆమె సైకిలు చూసి ఇరవై ఏళ్ళయింది. పన్నెండో రోజు, గురువారం, అసలు సైకిలు అంటే ఏమిటో సభకు తెలియాలని మేయరు పర్వతాలును పిలిపించాడు.

పర్వతాలు ఉతికిన చొక్కా వేసుకుని, సైకిలు నడిపించుకుంటూ, చంకలో రిజిస్టరు పెట్టుకుని వెళ్ళాడు. గోదాము నుంచి ఎక్కడికి వెళ్ళినా రిజిస్టరు వెంట ఉండాలని సూపరింటెండెంటు మురహరి ఆజ్ఞ.

"ఇది ఎన్ని కిలోమీటర్లకు ఎంత తాగుతుంది?" అని అడిగింది సుభాషిణి.

"ఇది ఏం తాగది మేడం. నేనే రెండు చాయలు తాగుత."

"ఆగినప్పుడు పడిపోదా?"

"ఆగితె పడ్తది మేడం. పోతున్నంతసేపు పడది."

ఆగితే పడుతుంది, వెళ్తున్నంతసేపు పడదు. జీవితమంతా ఆగి ఉన్న వాహనాల్లో గడిపిన నూట యాభై మంది ఆ మాటను లోపలే తిప్పుకుని చూసుకున్నారు. ఒక్కొక్క ఇంజనే ఆపేశారు. తొక్కి చూపించమన్నాడు మేయరు. పర్వతాలు ఎక్కి కార్ల మధ్య నుంచి ఒక చుట్టు తిరిగాడు. అద్దాల వెనక ముఖాలన్నీ అతని మోకాళ్ళతో పాటే లేచాయి, దిగాయి. ముసలి సభ్యుడొకడు చేతులు జోడించాడు. సుభాషిణి కన్నీళ్ళు కనబడకుండా కారు అద్దం ఎత్తుకుంది. తన మోకాళ్ళలో ఇంత ఉందని పర్వతాలుకు ఆ రోజు దాకా తెలియదు.

"నగరంలో నువ్వు కాక ఇంకెవరికైనా ఇది వచ్చా?" అని అడిగాడు మేయరు.

లేదంటే తీర్మానం అక్కడితో వీగిపోయేది. పర్వతాలుకు అండాలు గుర్తొచ్చింది, వాననీళ్ళు గుర్తొచ్చాయి, ర్యాకుల్లో ఉన్నవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి తమ కాళ్ళు తాము తొడుక్కుని వెళ్ళిపోతున్నట్టు కళ్ళ ముందు కనిపించింది. రిజిస్టరు తీసి రెండు చేతులతో పైకెత్తాడు.

"ఆరు వేల నాలుగు వందల మందికి వచ్చు సార్. మా గోదాముల అందరికి వచ్చు. ఎవల కాళ్ళు వాళ్ళకు ఇప్పియ్యుండ్రి, రేపటి సంది తొక్కుతరు."

"కాళ్ళకు వచ్చా?"

"వచ్చు సార్. నాలుగేండ్ల సంది నేర్పిన."

"మనుషులు లేకుండానే?"

"మనుషులు లేకుండనే నేర్చినయ్ సార్," అన్నాడు పర్వతాలు గర్వంగా.

ఆ ఒక్కమాట మింగేసి ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. పెదవి దాటాక చేయగలిగేది లేదు. మందిరంలో ముందు ఒక హారను మోగింది, తర్వాత పది, ఆ తర్వాత అన్నీ కలిసి మోగాయి. పన్నెండేళ్ళలో మొట్టమొదటిసారి అధికార పక్షం, ప్రతిపక్షం ఒకే మాట మీదకు వచ్చాయి. కాళ్ళు సైకిలు తొక్కుతాయి. మనుషులు కారు దిగనక్కరలేదు. లేను పోదు, ఎందుకంటే కాళ్ళకు మురుగు కాలువ మూతల వెడల్పు చాలు. యంత్రం లెక్కపెట్టేది ఎలాగూ మోకాళ్ళనే. ఆ సాయంత్రానికే మూతల మీద ఆకుపచ్చ రంగు పడింది. శుక్రవారానికి, స్వాధీనం చేసుకున్న పాత సైకిళ్ళన్నీ బాగుచేయించారు, బోర్డులు లేచాయి. "సైకిల్ ట్రాక్. కాళ్ళకు మాత్రమే. మనుషులు రాకూడదు." ప్రారంభోత్సవం శనివారం, అండాలు గడువు ముగిసే రోజే, పదకొండు గంటలకు.

శనివారం పొద్దున పర్వతాలు అండాలును సీటులోంచి ఎత్తి క్యారేజి మీద కూర్చోబెట్టాడు. తుండుగుడ్డతో ఆమె నడుమును తన నడుముకు కట్టుకున్నాడు. ట్రాకు మొదట్లో ఉన్న కాపలాదారు కారు అద్దం దించి బోర్డు వైపు చూపించాడు. ఇంకా ప్రారంభం కాలేదు కదా అన్నాడు పర్వతాలు. కాపలాదారు గడియారం చూసుకుని, అదీ నిజమేనని వదిలేశాడు.

ఏడేళ్ళుగా అద్దం వెనకే ఉన్న అండాలు మొదటి కిలోమీటరు అతని చొక్కా పట్టుకుని చుట్టూ చూసింది. రెండో కిలోమీటరులో, "రోడ్డుకు వాసన ఉంటదని మర్సిపోయిన," అంది. తర్వాత ఒక చేయి బయటికి చాచింది. చినుకులు పడుతున్నాయి. రెండు పక్కలా ఆగిపోయిన కార్లు కనుచూపు మేర ఉన్నాయి, వాటిలో జనం ఆమెను చూసి అద్దాలు దించారు. ఒక ముసలావిడ కిటికీలోంచి చేయి చాచి అండాలు వేళ్ళు తాకింది. ఎవరూ హారను కొట్టలేదు. పర్వతాలుకు ఒగర్పు వస్తోంది, పిక్కలు మండుతున్నాయి, అయినా నగరం తన కోసమే పక్కకు తప్పుకుని నిలబడ్డట్టు అనిపించింది. అంత సంతోషం అతనికి పెళ్ళినాడు కూడా కలగలేదు.

"ఇంటికి పొయ్యేటప్పుడు నేను నడుస్త. నువ్వు ఎనుక కూసో," అంది అండాలు.

కౌంటరు దగ్గరికి చేరేసరికి పదిన్నర. సూపరింటెండెంటు మురహరి నిబంధనల మనిషే గానీ చెడ్డవాడు కాదు. దరఖాస్తు చూశాడు, ఆమెను చూశాడు, కారు ఎక్కడా లేదని తల బయటికి పెట్టి మరీ చూసుకున్నాడు. "మనిషి స్వయంగ వచ్చింది, కారు లేదు, గడువు దాటలే. అన్ని సక్కగున్నయి," అంటూ ముద్ర వేశాడు. "పన్నెండేండ్లల్ల ఇదే మొదటి దరఖాస్తు పర్వతాలూ. నేను రిటైరయ్యే లోపల ఒక్కటన్న చూస్తననుకోలే."

"కాళ్ళు దెస్త సార్," అని పర్వతాలు తలుపు వైపు కదిలాడు.

"ర్యాకులల్ల లెవ్వు. డ్యూటీల ఉన్నయి. ఎనుక గేటు కాడ లైను గట్టినయి." మురహరి అండాలు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఆపుమంటె ఆపుత చెల్లె. నీ హక్కు అది. గని తీస్కపోయి ఏడ తిరుగుతవు? ట్రాకు కాళ్ళకే, మనిషి ఎక్కద్దు. రోడ్డు కార్లకే. ఇంట్ల నాలుగు గోడల నడుమ నిలవడ్తవు, మళ్ల కూసుంటవు. ఇయ్యాల గేటు దాటినయంటె మాత్రం అవి నగరానియి. ఆలోచించి చెప్పు."

అప్పటికి పదకొండు కావచ్చింది. కౌంటరులోంచి కనిపించే ఆ వెనక గేటు తెరిచారు.

ముందు చైన్ల చప్పుడు వినిపించింది. తర్వాత అవి వచ్చాయి. ఒక్కో సైకిలు సీటు మీద పట్టీతో కట్టిన ఒక జత కాళ్ళు, పైన ఏమీ లేదు, హ్యాండిలు పట్టుకునేవాళ్ళు లేరు. కాళ్ళు తొక్కుతున్నంతసేపు సైకిలు దానంతట అదే నిలబడింది. రెండేసి చొప్పున వరుస మీద వరుసగా, నల్లవి, చామనచాయవి, పచ్చబొట్లవి, పుట్టుమచ్చలవి, నూనె రాసుకుని మెరుస్తూ ఆరు వేల నాలుగు వందల జతలు. ఒకదానికొకటి తగల్లేదు. వాచీల పెద్దమనిషి కాళ్ళు నిదానంగా వెళ్ళాయి, ఆపలేదు. బడి పంతులమ్మ కాళ్ళు సాఫీగా చాచుకుని తొక్కుతున్నాయి. ప్రతి జతకూ తనే నూనె రాశాడు, తనే నేర్పాడు, అయినా అన్నింటినీ ఒక్కసారి చూడటం పర్వతాలుకు అదే మొదలు. ఇంత అందమైన దృశ్యం నగరంలో ఇంకొకటి లేదని అతనికి తెలిసిపోయింది. ఏడుపొచ్చింది.

"అగో, నీయి," అన్నాడు.

మెట్టెలు మెరిశాయి. అండాలు కాళ్ళు వరుసలో చివరి నుంచి మూడోవి. అవి గేటు వైపు మలుపు తిరుగుతుంటే అండాలు అతని భుజం గట్టిగా పట్టుకుంది.

"గాలి తగుల్తుంది," అంది. "పిక్కలకు గాలి తగుల్తుంది. వాననీళ్ళు గుడ చిమ్ముతున్నయి. చీలమండల దాక తడిసిన."

"ఆపుమంటవా?" అన్నాడు పర్వతాలు. ఆపమని ఆమె నోట వినాలని అతని ప్రాణం కొట్టుకుంటోంది.

ఆమె కాళ్ళు గేటు దగ్గరికి చేరాయి. "నా ఒంటికి ఉన్నప్పుడు అవి గింత దూరం ఎన్నడన్న పోయినయా?" అంది. "ఉండనీ. పోనీ." ముద్ర పడిన దరఖాస్తును మడత పెట్టి మురహరి ముందు ఉంచింది. మురహరి దాన్ని సంతృప్తి ఫైలులో కలిపాడు.

పదకొండు తర్వాత సైకిలు మీద మనిషి కనబడటం నేరం కాబట్టి పర్వతాలు సైకిలును అక్కడే స్వాధీనం చేసుకున్నారు. మురహరి తన కారులోనే ఇద్దరినీ ఇంటి దగ్గర దింపాడు. సోమవారం నాటికి గోదాములో నూనె చిమ్మే యంత్రం వచ్చింది. ర్యాకుల మధ్య తిరిగే పని లేదు కాబట్టి పదకొండో నిబంధన కూడా పోయింది. పర్వతాలును ఇంటి నుంచే రిజిస్టరు రాసే పనిలో వేశారు. తొమ్మిది రోజులు అతను ఇంట్లో నిలబడ్డాడు. కిటికీ దగ్గర కాసేపు, వంటింటి గుమ్మంలో కాసేపు. ఎక్కడ నిలబడ్డా అండాలు సీటుకు అడ్డమే. పదో రోజు కాళ్ళ జమ ఫారం నింపాడు. ప్రత్యేక కోరికలు అనే గడిలో "ర్యాకు 212 పక్కన" అని రాశాడు. ఆ గడిలో రాసిన దేన్నీ గోదాము ఎన్నడూ మన్నించలేదు. దీన్ని మాత్రం మురహరి సొంత పూచీ మీద మన్నించాడు.

నగరం ఇప్పుడు ఊపిరాడే నగరాల జాబితాలో నాలుగో స్థానంలో ఉంది. పక్క రాష్ట్రాల నుంచి బృందాలు వచ్చి కారు అద్దాల్లోంచి చూసి వెళ్తున్నాయి. సాయంత్రం ఆరున్నరకు, కాళ్ళు చెరువు గట్టు ఎక్కే సమయానికి, ట్రాఫిక్‌లో ఆగిన జనం వాదించుకుంటున్న మాట మధ్యలో ఆపి కాసేపు కళ్ళు మూసుకుంటారు. ఏదో చల్లగా తగిలినట్టు ఉంటుంది. అప్పుడు అందరూ మంచివాళ్ళలా కనిపిస్తారు.

అండాలు, పర్వతాలు కూడా రోజూ ఆ సమయానికి యూటర్న్ దగ్గర సిగ్నలు పక్కన ఉండేలా చూసుకుంటారు. నిన్న ట్రాకుకు ఎర్ర లైటు పడింది. కాళ్ళన్నీ పాదాలు కింద పెట్టి ఆగాయి. మెట్టెలున్న జత, దాని పక్కనే ఒక కొత్త జత, వాళ్ళ కిటికీకి చేతికందే దూరంలో ఆగాయి. అండాలు ముఖం చిట్లించింది.

"కుడికాలు అరికాలు జిల పెడ్తుంది," అంది.

గోదాములో ఇప్పుడు ఫోను ఎత్తేవాళ్ళు లేరు. పర్వతాలు కిటికీలోంచి చూశాడు. మెట్టెలున్న జతలో కుడికాలు నేల మీంచి పాదం తీసి, కొంచెం పైకెత్తింది. పక్క సైకిలు మీద కొత్త కాలు ముందుకు సాగి, బొటనవేలితో ఆ అరికాలు మెల్లగా గోకింది. పర్వతాలుకు బొటనవేలు ఉండాల్సిన చోట ఏదో మెత్తగా తగిలింది.

"కొంచెం కిందికి," అంది అండాలు అద్దం వైపు తిరిగి. "ఇంకొంచెం. ఆఁ, గాడనే."

పక్క కారాయన అద్దం దించాడు. "మీరేమన్నా అనండి, సైకిలు వచ్చాక నగరం బాగుపడింది," అన్నాడు. వాళ్ళిద్దరూ అవునన్నారు. ఆకుపచ్చ లైటు పడింది. కాళ్ళు వెళ్ళిపోయాయి. కార్లు ఉన్నచోటే ఉన్నాయి.